ఏడు నెలల పాపతో దగ్గర్లో రెండు రాత్రుల సెలవు: మొదటి నుంచి చివరి దాకా ఎలా ప్లాన్ చేసుకోవాలి

మా పాపకు ఐదో నెల నడుస్తుండగా హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్ళాం. దాదాపు 150 కిలోమీటర్లు. పొద్దున పదింటికి బయలుదేరి డ్యామ్, లాంచీలో నాగార్జునకొండ మ్యూజియం, సాయంత్రం ఎత్తిపోతల జలపాతం, మర్నాడు బుద్ధవనం చూసి రావాలనుకున్నాం. మిట్టమధ్యాహ్నం ఎండలో లాంచీ కోసం నిలబడే సమయానికి పాప రెండు నిద్రలు పోగొట్టుకుని ఉంది. పాలు పట్టబోతే మొహం తిప్పేసింది, ఎత్తుకుంటే వెనక్కి విరుచుకుని ఏడ్చింది. చీకటి పడకముందే సామాను సర్దుకుని ఇంటిదారి పట్టాం.

రెండు నెలల తర్వాత వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకు వెళ్ళాం. ఇంటి నుంచి 75 కిలోమీటర్లు, రెండు రాత్రులు. చూసినవి ఒక గుడి, ఒక అడవి దారి, అంతే. కానీ పాప పుట్టాక మొదటిసారి నేను పట్టపగలు గంటన్నర నిద్రపోయాను. లేచేసరికి ఎవరో చేసిన అన్నం వేడివేడిగా ఉంది.

ఈ రెండు ప్రయాణాలకూ మధ్య పాప పెద్దగా మారలేదు. మేం ప్లాన్ చేసిన పద్ధతి మారింది. ఏడాదిలోపు బిడ్డ ఉన్న ఇంట్లో సెలవు ముందుగా తల్లికి కావాలి. వంట, ఇల్లు, వచ్చిపోయే చుట్టాలు ఈ మూడూ రెండు రోజులు తప్పితే చాలు, ఒళ్ళు తేలికపడుతుంది. బిడ్డ నిద్ర, పాలు గాడి తప్పకుండా ఉంటేనే అది కుదురుతుంది. అందుకే కింద చెప్పేవన్నీ బిడ్డ నిద్ర చుట్టూ తిరుగుతాయి.

మొదటి అడుగు: తేదీ

ముందు టీకాల కార్డు తీసి చూడండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంట్ టీకా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ దగ్గర నొప్పి మామూలే. టీకా వేయించాక కనీసం మూడు రోజులు ఇంట్లోనే ఉండండి. తొమ్మిదో నెలలో వేసే తట్టు, రుబెల్లా టీకా సంగతి వేరు. దాని జ్వరం వెంటనే కాకుండా వారం, పది రోజులకు రావచ్చు. చాలామంది తల్లులకు ఈ విషయం తెలియదు, ప్రయాణంలో జ్వరం వస్తే టెన్షన్ పడిపోతారు. కాబట్టి ఆ టీకా తర్వాత రెండు వారాలు ఆగి వెళ్ళండి, లేదా టీకాకు ముందే వెళ్ళి రండి.

వయసు విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మూడు నెలలలోపు బిడ్డతో సెలవు ప్రయాణం వద్దు. ఆ వయసులో చిన్న జ్వరానికి కూడా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పైగా బాలింత ఒళ్ళు ఇంకా కోలుకోదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఐదో నెల దాకా కదలొద్దంటే దాన్ని చాదస్తమని తోసెయ్యకండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య వయసు ప్రయాణానికి చాలా అనువైనది. మెడ నిలుస్తుంది, ఇంకా పాకుతూ అన్నీ నోట్లో పెట్టుకునే దశ పూర్తిగా రాదు.

కాలం చూసుకోవాలి. తెలంగాణలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. అనంతగిరిలో తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది, కానీ చలికి బట్టలు వేయగలం. ఏప్రిల్, మే ఎండకు పసిబిడ్డతో చేయగలిగింది ఏమీ లేదు. వానాకాలంలో కొండలు పచ్చగా అందంగా ఉంటాయి, దోమలూ అంతే ఎక్కువ.

వీలైతే శని, ఆదివారాలు వద్దు. మంగళవారం వెళ్ళి గురువారం వస్తే రోడ్డు ఖాళీ, రిసార్టు నిశ్శబ్దం, గది అద్దె కూడా తక్కువ. దీనికి మా ఆయన ఆఫీసుకు సెలవు పెట్టాల్సి వచ్చింది. పెట్టినందుకు తగిన ఫలితమే దక్కింది.

రెండో అడుగు: దూరాన్ని నిద్రతో కొలవండి

ఒక కాగితం మీద మూడు రోజుల పాటు బిడ్డ ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎప్పుడు పాలు తాగింది రాయండి. ఏడు నెలల బిడ్డ సాధారణంగా ఒకసారి లేస్తే రెండు, రెండున్నర గంటలు మెలకువగా ఉండి మళ్ళీ నిద్రకు వస్తుంది. మా పాప పొద్దున ఆరున్నరకు లేచి తొమ్మిదికి పడుకునేది. అంటే కారు తొమ్మిదికి పది నిమిషాల ముందు కదలాలి. గంటన్నర నిద్ర ఉంటే గంటన్నర ప్రయాణం. లెక్క ఇంత తేలిక.

కారులో బిగించే పసిపిల్లల సీటులో బిడ్డను ఏకబిగిన రెండు గంటల కంటే ఎక్కువ ఉంచకూడదు. మెడ ముందుకు వాలి ఊపిరికి ఇబ్బంది కావచ్చు. కాబట్టి రెండు గంటలలోపు చేరే చోటు చూసుకోండి. మ్యాపు చూపించే సమయానికి ముప్పావుగంట కలిపి లెక్కేయండి. పాలు పట్టడానికి, డైపర్ మార్చడానికి ఒకసారి ఆగక తప్పదు.

మూడో అడుగు: చోటు ఎంచుకోవడం

ఒక్కటే చోటు. రెండు చోట్ల బస పెట్టుకుంటే రెండుసార్లు సామాను సర్దాలి, బిడ్డ రెండు కొత్త గదులకు అలవాటు పడాలి.

హైదరాబాద్ వాళ్ళకు అనంతగిరి నేను మొదట చెప్పే పేరు. మూసీ నది పుట్టేది ఈ కొండల్లోనే. అనంత పద్మనాభస్వామి గుడి చుట్టూ చెట్ల నీడ ఉంటుంది, తెలంగాణ పర్యాటక శాఖ హరిత రిసార్టుతో పాటు ప్రైవేటు రిసార్టులు చాలా ఉన్నాయి, ఐదారు కిలోమీటర్లలో వికారాబాద్ పట్నం ఉంది. మందుల షాపు, పిల్లల డాక్టరు, ప్రభుత్వ ఆసుపత్రి అందుబాటులో ఉన్నాయంటే మనసు కుదుటపడుతుంది. చేవెళ్ల మీదుగా వెళ్ళే రోడ్డు పక్కన పాత మర్రిచెట్లు చాలా ఉన్నాయి. ఆ రోడ్డులో లారీలు, బస్సులు వేగంగా వస్తుంటాయి కాబట్టి పగటిపూటే, నెమ్మదిగా వెళ్ళండి. ఒక హెచ్చరిక: గుడి దగ్గర కోతులు ఉంటాయి. బిడ్డ చేతిలో అరటిపండు, బిస్కెట్ పెట్టి దింపకండి, గది తలుపు తెరిచి ఉంచకండి.

సాగర్ కూడా చెడ్డ చోటు కాదు. కృష్ణ ఒడ్డున గది తీసుకుని, వరండాలో కూర్చుని నీళ్ళు చూస్తూ రెండు రోజులు గడిపితే బావుంటుంది. లాంచీ మాత్రం బిడ్డ నడిచే వయసు వచ్చాక పెట్టుకోండి. మెదక్ చర్చి ఒక్కపూటకు బావుంటుంది. 1924లో పూర్తయిన ఆ చర్చి లోపల చల్లగా, విశాలంగా ఉంటుంది. కానీ బస చేయడానికి అనంతగిరికి ఉన్న హంగులు అక్కడ ఉండవు. రామప్ప గుడిని యునెస్కో 2021లో వారసత్వ జాబితాలో చేర్చాక వెళ్ళేవాళ్ళు పెరిగారు. హైదరాబాద్ నుంచి 200 కిలోమీటర్లు దాటుతుంది. ఏడాది నిండాక చూడొచ్చు.

విజయవాడ, గుంటూరు వాళ్ళు బాపట్ల దగ్గర సూర్యలంక వెళ్ళొచ్చు. పొద్దున ఏడులోపు, సాయంత్రం ఐదు తర్వాతే ఇసుకలోకి. రాజమండ్రి వాళ్ళు పాపికొండల పడవ ప్రయాణం ఇప్పుడు వద్దనుకోండి. రోజంతా పడవ మీదే, మధ్యలో దిగి ఇంటికి పోదామన్నా కుదరదు. బదులుగా కోనసీమలో దిండి దగ్గర వశిష్ట గోదావరి ఒడ్డున ఉండండి, కొబ్బరితోటల నీడ దొరుకుతుంది. విశాఖ వాళ్ళకు భీమిలి గంటలోపు. అరకు ఘాట్ రోడ్డు మలుపుల్లో కొందరు పిల్లలకు వాంతులవుతాయి, పాలు తాగిన వెంటనే ఆ దారి ఎక్కకండి.

మొక్కు సంగతి విడిగా చెప్పాలి. "ఎలాగూ వెళ్తున్నాం కదా, యాదగిరిగుట్టలోనో వేములవాడలోనో పుట్టెంట్రుకలు తీయించేద్దాం" అని ఎవరో ఒకరు అంటారు. పుట్టెంట్రుకలంటే మేనమామ రావాలి, చుట్టాలు రావాలి, క్యూలో నిలబడాలి, గుండు గీసేటప్పుడు బిడ్డ ఏడుపు ఉంటుంది. అది మంచి వేడుకే, దానికి వేరే రోజు పెట్టుకోండి. రెండింటినీ కలిపితే విశ్రాంతి ఉండదు, మొక్కు కూడా మనసారా తీర్చుకోలేం.

నాలుగో అడుగు: గది గురించి ఫోన్లో అడగాల్సినవి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీని మీద పెట్టండి. ఆన్‌లైన్లో ఫొటోలు చూసి డబ్బు కట్టేయకండి. నేరుగా రిసార్టుకు ఫోన్ చేసి, పసిబిడ్డ ఉందని చెప్పి మాట్లాడండి.

మొదటి ప్రశ్న: "మేం వచ్చే రోజుల్లో ఏదైనా ఫంక్షన్ ఉందా అండీ?" నగరం చుట్టుపక్కల రిసార్టుల్లో వారాంతంలో పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ఆఫీసు పార్టీలు జరుగుతాయి. రాత్రి పదకొండు దాకా డీజే మోగితే ఏ బిడ్డా పడుకోదు. ఫంక్షన్ ఉందంటే తేదీ మార్చుకోండి, లేదా హాలుకు దూరంగా ఉన్న గది అడగండి.

వేడినీళ్ళు ఎప్పుడు వస్తాయో అడగండి. చాలాచోట్ల పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకానే ఇస్తారు. రాత్రి రెండింటికి బిడ్డ ఒళ్ళంతా పాడు చేసుకుంటే చన్నీళ్ళతో కడగలేం. గీజరు గదిలోనే ఉంటే సమస్య లేదు. కరెంటు పోతే జనరేటరు ఉందా, ఉంటే దానిమీద ఫ్యాను, ఏసీ రెండూ తిరుగుతాయా, లైట్లు మాత్రమేనా అని విడమరిచి అడగండి.

కిటికీలకు దోమల మెష్ ఉందా? గది కింది అంతస్తులో ఇస్తారా? కిందే పరుచుకోవడానికి అదనంగా ఒక పరుపు ఇస్తారా? బకెట్, మగ్గు ఉంటాయా, షవర్ ఒక్కటేనా? బిడ్డకు స్నానం చేయించడానికి బకెట్ కావాలి. గదికీ కారు ఆపే చోటుకూ ఎంత దూరం? ఒక చోట కొండ దిగి మెట్లెక్కి గదికి వెళ్ళాల్సి ఉంటుందని ఫోన్లో తెలిసి మేం దాన్ని వదిలేశాం.

స్విమ్మింగ్ పూల్ ఎదురుగా ఉన్న గది ఫొటోలో అందంగా ఉంటుంది. పాకే బిడ్డ ఉన్నప్పుడు అది తీసుకోవద్దు. ఇక చివరిగా, ముందు రోజు బిడ్డకు జ్వరం వస్తే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా అని అడిగి, ఆ జవాబు వాట్సాప్‌లో మెసేజీగా పెట్టమనండి.

ఐదో అడుగు: బిడ్డ తిండి, తల్లి తిండి

ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. ఎండాకాలమైనా సరే, నీళ్ళు కూడా వద్దు. తల్లిపాల మీద ఉన్న బిడ్డతో ప్రయాణం తిండి విషయంలో అన్నిటికంటే సులువు. సామాను లేదు, కడగడం లేదు. దారిలో కారు నీడన ఆపి వెనక సీట్లో కూర్చుని పట్టొచ్చు. ఒక పెద్ద చున్నీ, కిటికీకి కట్టే గుడ్డ ఉంటే చాలు. బండి నడుస్తుండగా మాత్రం బిడ్డను సీటులోంచి తీసి పాలు పట్టవద్దు, ఎంత ఏడ్చినా సరే, ఆపి తీయండి.

డబ్బాపాలు తాగే బిడ్డకు సొంత కెటిల్ తీసుకెళ్ళండి. గదిలో ఉండే కెటిల్లో ముందు దిగినవాళ్ళు నూడుల్స్ ఉడికించి ఉండొచ్చు. నీళ్ళు బాగా మరిగించి, అరగంటలోపే ఆ వేడినీళ్ళలో పొడి కలపాలి. పొడిలో ఉండే సూక్ష్మక్రిములు చావాలంటే నీళ్ళు కనీసం 70 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. తర్వాత సీసాను చన్నీళ్ళ గిన్నెలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. కలిపిన పాలు రెండు గంటలకు మించి ఉంచవద్దు. బిడ్డ తాగి వదిలేసినవి పారబోయండి. ఒక్కోసారికి కావలసిన పొడిని చిన్న డబ్బాల్లో కొలిచి పెట్టుకుంటే అర్ధరాత్రి నిద్రమత్తులో చెంచాలు లెక్కపెట్టే పని ఉండదు.

ఉగ్గు తినే బిడ్డయితే అటుకుల పొడి ప్రయాణానికి మంచి దారి. బియ్యం, పప్పు వేయించి కొట్టిన ఉగ్గుపొడిని పొయ్యి మీద ఉడికించాలి. అటుకులు ముందే ఉడికి ఉంటాయి కాబట్టి కమ్మగా వేయించి మెత్తగా పొడి చేసి తీసుకెళ్తే, మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూత పెడితే చాలు. అందులో బాగా పండిన అరటిపండు మెదిపి కలపండి. రోజుకొకసారి రిసార్టు వంటవాళ్ళను మెత్తటి పెసరపప్పన్నం అడగొచ్చు. "ఉప్పు, కారం, పోపు ఏమీ వద్దన్నా, పాపకి" అంటే ఎవరూ కాదనరు. మాకు వంటాయన రెండో రోజు అడగకుండానే చేసి పెట్టాడు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, ఎవరు ప్రేమగా ఇచ్చినా సరే. ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి కొత్త తిండి ఏదీ మొదలుపెట్టవద్దు, పడకపోతే అది బయటపడేది ప్రయాణంలోనే.

తల్లి తిండి గురించి ఎవరూ ఆలోచించరు. పాలిచ్చే తల్లికి రాత్రి మూడింటికి కడుపు కాలుతుంది. ఆ వేళకు ఏ రిసార్టులోనూ వంటగది తెరిచి ఉండదు. నేను సున్నుండలు, నువ్వుల లడ్డూలు, వేయించిన పల్లీలు ఒక స్టీలు డబ్బాలో పెట్టుకుని మంచం పక్కనే ఉంచుకున్నాను. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు నీళ్ళు తాగండి. రాత్రి భోజనం ఏడింటికల్లా గదికే పంపించమని మధ్యాహ్నమే చెప్పి పెట్టండి.

ఆరో అడుగు: సర్దడం

మూడు సంచులు. ఒకటి కారులో చేతికందే దగ్గర, ఒకటి గదిలో విప్పేది, ఒకటి మందులది.

చేతి సంచిలో: నాలుగు డైపర్లు, తడి తుడుపులు, కింద పరిచే ప్లాస్టిక్ షీటు, రెండు జతల బట్టలు, పాడైన బట్టలకు ప్లాస్టిక్ కవర్లు, తల్లికి ఒక అదనపు జత. ఈ చివరిది మర్చిపోకండి, బిడ్డ వాంతి చేసుకునేది మన భుజం మీదే.

గది సంచిలో రోజుకు ఎనిమిది లెక్కన 24 డైపర్లు, పైన ఒక ఆరు. పాత నేత చీర చింపిన మెత్తటి గుడ్డలు పది. వీటితో తుడవొచ్చు, కప్పొచ్చు, పరచొచ్చు, నీడకు కట్టొచ్చు. నిండు చేతుల బట్టలు, చలికాలమైతే టోపీ, సాక్సులు. గొడుగులా ముడిచే దోమతెర. రెండు బొమ్మలు చాలు, స్టీలు గిన్నె, చెంచా ఇస్తే మూడో బొమ్మ అవుతుంది. ఒక విషయం గట్టిగా చెబుతాను: ఇంట్లో బిడ్డ పడుకునే దుప్పటిని ఉతక్కుండా అలాగే తీసుకెళ్ళండి. ఇంటి వాసన ఉన్న గుడ్డ మీద కొత్త గదిలో కూడా బిడ్డ తొందరగా కుదురుకుంటుంది.

ఏడో అడుగు: మందులు, డాక్టరు

వెళ్ళే ముందు మీ పిల్లల డాక్టరుతో మాట్లాడి, బిడ్డ ఇప్పటి బరువుకు పారాసెటమాల్ ఎంత ఇవ్వాలో కాగితం మీద రాయించుకోండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. చుక్కల మందు సాధారణంగా ఒక ఎం.ఎల్‌.లో 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్ అయితే 5 ఎం.ఎల్‌.లో 120 లేదా 125 మిల్లీగ్రాములు. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు చిక్కన. సిరప్‌కు చెప్పిన కొలతను చుక్కల మందుకు వాడితే బిడ్డకు నాలుగింతల మందు పడుతుంది. అందుకే ఇంట్లో వాడే సీసానే తీసుకెళ్ళండి, దాని డ్రాపరుతో సహా.

ఓఆర్ఎస్ పొట్లాలు, థర్మామీటరు, ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు, డైపర్ ఒరుపుకు రాసే జింక్ ఆక్సైడ్ మలాం పెట్టుకోండి. దారిలో పడుకుంటుందని జలుబు సిరప్ పట్టమని ఎవరైనా చెబితే వినకండి. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వకూడదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో రాష్ట్రాలకు సూచించింది.

చోటు ఖరారు కాగానే దగ్గర్లో 24 గంటలు తెరిచి ఉండే ఆసుపత్రి ఎక్కడుందో చూసి, మ్యాపును ఫోన్లో దింపి పెట్టుకోండి. కొండల్లో సిగ్నల్ పోతుంది. బిడ్డ పాలు తాగడం మానేసినా, మత్తుగా పడి ఉన్నా, ఊపిరి వేగంగా తీస్తూ డొక్కలు ఎగరేస్తున్నా, ఏడెనిమిది గంటలు ఒంటేలు పోయకపోయినా, ఫిట్స్ వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి. 108కి ఫోన్ చేయొచ్చు. మూడు నెలలలోపు బిడ్డకయితే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరమే చాలు.

ఎనిమిదో అడుగు: ప్రయాణం

బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చోవడం మన దగ్గర మామూలైపోయింది. దయచేసి మానేయండి. గట్టిగా బ్రేకు పడితే ఎంత బలమైన చేతులూ బిడ్డను ఆపలేవు, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే బిడ్డకే తగులుతుంది. వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండే పసిపిల్లల సీటు బిగించి, పట్టీ ఛాతీకి ఆనుకునేలా పెట్టండి. పట్టీ కింద మందమైన స్వెటర్ వద్దు, బెల్టు పెట్టాక పైన దుప్పటి కప్పండి. 14 ఏళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ తగిన సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయల జరిమానా అని మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చారు. జరిమానా సంగతి అలా ఉంచండి, సీటు ధర ఎక్కువనిపిస్తే స్నేహితుల దగ్గర అడిగి తీసుకోవచ్చు. ఆ సీటు ప్రమాదంలో ఉన్నది కాకూడదు, దాని మీద ముద్రించిన గడువు దాటి ఉండకూడదు. ముందురోజే బిగించి, బిడ్డను కూర్చోబెట్టి వీధి చివరిదాకా తిప్పి తీసుకురండి.

పెద్దవాళ్ళలో ఒకరు వెనక, బిడ్డ పక్కన కూర్చోవాలి. ఎండ పడే కిటికీకి తెర కట్టండి. ఆగినప్పుడు రెండు నిమిషాల పనైనా బిడ్డను కారులో వదిలి దిగకండి, మూసిన కారు నిమిషాల్లో పొయ్యిలా వేడెక్కుతుంది.

రైలు కావాలంటే లింగంపల్లి, సికింద్రాబాద్ నుంచి వికారాబాద్ జంక్షన్‌కు చాలా రైళ్ళున్నాయి. ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదు. ఎత్తుకుని అటూఇటూ తిరగొచ్చన్నది రైల్లో ఉన్న సుఖం. స్టేషన్ నుంచి కొండ దాకా బండి మాత్రం ముందే మాట్లాడుకోండి.

తొమ్మిదో అడుగు: అక్కడ రోజు ఎలా గడపాలి

రోజుకు ఒకటే బయటి పని, అదీ రెండు గంటలలోపు. మా మధ్య రోజు ఇలా గడిచింది. ఆరున్నరకు పాప లేచింది. ఏడింటికి ఆమెను మా ఆయన ఛాతీకి కట్టుకునే క్యారియర్లో కూర్చోబెట్టుకుని గుడి దాకా నడిచి, చెట్ల కింద కాసేపు తిరిగి ఎనిమిదిన్నరకు వచ్చేశాం. పాలు తాగి తొమ్మిదికి పడుకుంది. అప్పుడు మేం వేడిగా ఇడ్లీ తిన్నాం, ఇద్దరం ఒకేసారి. ఆ మాట విలువ పసిబిడ్డ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. మధ్యాహ్నం నిద్రప్పుడు ఆయన వరండాలో కూర్చున్నారు, నేను పాప పక్కనే పడుకున్నాను. సాయంత్రం ఐదుకు చాప పరుచుకుని బయట కూర్చుంటే పాప ఆకుల్ని, పిచ్చుకల్ని చూస్తూ గంటసేపు ఆడుకుంది. ఏడో నెల బిడ్డకు కదిలే ఆకు ఒక పెద్ద వింత. జలపాతం చూపించాల్సిన అవసరం లేదు.

క్యారియర్లో బిడ్డ మొహం ఎప్పుడూ మనకు కనపడాలి, గడ్డం ఛాతీకి నొక్కుకోకూడదు. ఆరు నెలలలోపు బిడ్డను ఎండలో ఉంచకుండా నీడ, టోపీ, పల్చటి నూలు బట్టలతోనే కాపాడండి, సన్‌స్క్రీన్ అక్కర్లేదు.

పాపను చూస్తే అందరికీ ముచ్చటే, బుగ్గ గిల్లుతారు, ముద్దు పెడతారు. "ఇప్పుడే నిద్ర లేచిందండి, కొత్తవాళ్ళని చూస్తే ఏడుస్తుంది" అంటే ఎవరూ నొచ్చుకోరు. దిష్టి భయం ఉంటే అరికాల్లోనో బుగ్గ మీదో చుక్క పెట్టండి. కళ్ళకు కాటుక మాత్రం వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.

పదో అడుగు: రాత్రి

రిసార్టు పరుపులు మెత్తగా దిగబడిపోతాయి. పసిబిడ్డకు అవి మంచివి కావు. అదనంగా తెప్పించిన గట్టి పరుపును నేల మీద వేసి, దిండ్లు, బరువైన రగ్గులు తీసేసి, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి. మంచానికీ గోడకూ మధ్య సందులో బిడ్డ ఇరుక్కునే ప్రమాదం ఉంది, అక్కడ దిండు అడ్డం పెట్టినా నమ్మకం లేదు. దోమల కాయిల్ వెలిగించి తలుపులు మూయకండి. సాయంత్రం ఐదున్నరకే కిటికీలు మూసి, దోమతెర దించండి. రెండు నెలలలోపు బిడ్డకు ఒంటికి రాసే దోమల క్రీములేవీ వాడవద్దు. ఇంట్లో ఎలా స్నానం, పాలు, జోలపాట వరుసగా జరుగుతాయో అదే వరుస, అదే పాట. మొదటి రాత్రి బిడ్డ రెండు మూడుసార్లు ఎక్కువ లేస్తుంది. రెండో రాత్రి సర్దుకుంటుంది. అందుకే ఒక్క రాత్రి సెలవు కంటే రెండు రాత్రులు ఉండటం మేలు.

పనులు ఎవరు చేయాలి

ఇది బయలుదేరే ముందే తేల్చుకోవాలి. మేం కాగితం మీద రాసుకున్నాం: డైపర్లు, స్నానం, సీసాలు, కారు సామాను ఆయనవి. పాలు, నిద్ర నావి. రాత్రి రెండింటి తర్వాత పాప లేస్తే పాలిచ్చేది నేను, మళ్ళీ పడుకోబెట్టేది ఆయన. ఇలా రాసుకోకపోతే అన్నీ అలవాటుగా తల్లి మీదే పడతాయి, సెలవు అన్న మాట మిగలదు.

మేం అనంతగిరి అనగానే మా అత్తమ్మ, "పసిపిల్లను పట్టుకుని అడవికెందుకమ్మా?" అన్నారు. ఆమె భయం నిజమైనదే. దగ్గర్లో డాక్టరు ఎక్కడున్నాడో, గది ఎలా ఉందో చూపించాను. రెండు గదులు పక్కపక్కన తీసుకుని ఆమెను కూడా రమ్మన్నాం. అయితే ఒక మాట అనుకున్నాం: అత్తమ్మ మాతో వచ్చేది సెలవుకే, పాపను చూసుకునే పనికి కాదు. ఆమె పాపను ఎత్తుకుంటానంటే ఇచ్చాం, లేదంటే వదిలేశాం. పొద్దున గుడి దగ్గర కూర్చుని గంటసేపు తన లోకంలో తాను ఉన్నారు. ఇంట్లో ఆమెకు ఆ గంట ఎప్పుడూ దొరకలేదు.

తిరిగి వచ్చేటప్పుడు

మూడో రోజు మళ్ళీ తొమ్మిదింటి నిద్రకే కారు కదలాలి. గది ఖాళీ చేసే సమయం పదకొండు కదా అని ఆగితే రెండో నిద్రకు ముందరి మెలకువ సమయంలో దారిలో ఇరుక్కుంటారు. రాత్రే సంచులు సర్ది కారులో పెట్టేయండి, చేతి సంచి ఒక్కటే బయట ఉంచండి. మర్నాడు ఆఫీసు పెట్టుకోకండి, ఒక రోజు ఖాళీగా ఉంచుకుంటే బిడ్డ తన పాత వేళలకు వస్తుంది, బట్టలు ఉతకడం అయిపోతుంది.

సంచులు విప్పేటప్పుడు ఒక పని చేయండి. వాడని వస్తువుల్ని పక్కన పెట్టి, వాటి పేర్లు రాసి ఆ కాగితాన్ని సంచిలోనే ఉంచండి. మాకు వాడనివి పద్నాలుగు తేలాయి. తీసుకెళ్ళక ఇబ్బంది పడ్డవి రెండే: గోడకు కట్టే బట్టల తాడు, మసక వెలుతురు ఇచ్చే చిన్న రాత్రి దీపం. ఆ రెండూ ఇప్పుడు సంచిలోనే ఉన్నాయి.